వృత్తిలో స్వేచ్ఛ, పనిలో ఉత్సాహం: భిలాయి అనుభవం

ఏ పని జరగాలో ప్రభుత్వమో, యాజమాన్యమో, ప్రేక్షకులో చెబుతారు. అది ఎలా జరగాలో తేల్చుకునే అధికారం చేసేవారికి ఎంత మిగిలిందో, అంతే వారి వృత్తి స్వేచ్ఛ. బడిపంతులుకైనా, నటుడికైనా, కథ పాడే గాయనికైనా పని మీద మనసు నిలవడం చాలావరకు ఈ అధికారం మీదే ఆధారపడి ఉంటుంది. రోజులు మామూలుగా గడుస్తున్నప్పుడు ఈ సంగతి పైకి కనిపించదు. కొత్త పాఠ్యప్రణాళిక, కొత్త యంత్రం, కొత్త భాష వచ్చిపడినప్పుడు మాత్రం దాచినా దాగదు. దీన్ని దగ్గరగా చూడటానికి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి మంచి ఊరు. వరి పొలాల మధ్య ఉక్కు కర్మాగారం లేవడం, దాని వెంట బడులూ కాలేజీలూ నాటక సమాజాలూ పుట్టడం, చుట్టుపక్కల పల్లెల నాచా అనే జానపద నాటకం, పండవానీ అనే మహాభారత కథాగానం ఢిల్లీకీ విదేశాలకూ వెళ్లడం, ఇవన్నీ ఒక్క తరం కళ్ల ముందే జరిగాయి.

ఊరు, ఉద్యోగం

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యంతో కర్మాగారం కట్టాలని ఒప్పందం చేసుకున్నాయి. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. దల్లీ-రాజహరా గనుల ఇనుప ఖనిజం ఇక్కడికి వస్తుంది. భారతీయ రైల్వేలకు పట్టాలు ప్రధానంగా ఇక్కడి నుంచే వెళ్తాయి. కర్మాగారంతో పాటే సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్, క్వార్టర్లు, ఆసుపత్రి, బడులు వచ్చాయి. ఉద్యోగం కోసం దేశం నలుమూలల నుంచీ జనం చేరారు. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం 1931 నుంచే ఉండటంతో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లూ తక్కువేం కాదు. సెక్టార్ 5 లోని బాలాజీ మందిరం, ఆంధ్ర సాహిత్య సమితి అలా స్థిరపడిన తెలుగువాళ్లవే.

ఈ ఊరి పని జీవితాన్ని అందరికంటే నిశితంగా చూసినవాడు బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ. 1993లో మొదలుపెట్టిన పరిశీలన 2020లో ఉద్గ్రంథంగా వచ్చింది. పర్మనెంటు ‘నౌకరీ’కీ, ఏ రోజుకారోజు దొరికే ‘కామ్’కీ మధ్య గీత భిలాయి కార్మికుల బతుకును రెండుగా చీల్చిందని ఆయన చూపించాడు. కోక్ ఓవెన్ల వంటి చోట్ల పర్మనెంటు కార్మికులు పనిని తమలో తాము పంచుకుని, ఎవరు ఎప్పుడు వేడి దగ్గర నిలబడాలో, ఎవరు విశ్రాంతి తీసుకోవాలో బృందంగా తేల్చుకునేవారు. పక్కనే అదే వేడిలో కాంట్రాక్టు కూలీకి ఆ వీలు లేదు. బయటివాళ్లకు సోమరితనంలా కనిపించిన ఈ సర్దుబాటును పని తెలిసినవాళ్లు నడిపిన వ్యవస్థగా కూడా చూడవచ్చు. అయితే ఇందులో చిక్కు కూడా ఉంది. ఒకరికి దొరికిన వెసులుబాటు బరువు చాలాసార్లు కాంట్రాక్టు కూలీ భుజం మీద పడింది.

మార్పు గురించి పని చేసేవాళ్లను అడిగితే ఏమవుతుందన్న దానికి గనుల్లో ఒక ఉదాహరణ ఉంది. శంకర్ గుహ నియోగీ ఒకప్పుడు కర్మాగారం కోక్ ఓవెన్లలో పనిచేసి, ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. 1977లో ఆయన నాయకత్వంలో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్, గనుల యాంత్రీకరణ ప్రతిపాదన వచ్చినప్పుడు ‘వద్దు’ అని ఊరుకోలేదు. కూలీల పని పోకుండా, బరువైన పనులకు మాత్రం యంత్రాలు వాడే పాక్షిక యాంత్రీకరణ పథకాన్ని తానే తయారు చేసి ముందుపెట్టింది. కార్మికుల డబ్బుతో, శ్రమతో 1983లో దల్లీ-రాజహరాలో షహీద్ ఆసుపత్రి కట్టింది. పాటలు, నాటకాలతో ఊళ్లు తిరిగే సాంస్కృతిక బృందాన్నీ నడిపింది. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయిలో నిద్రలో ఉన్న నియోగీని కాల్చి చంపారు.

తెలుగునేల మీద ఈ వరుసలో చెప్పదగ్గది హైదరాబాద్ రామచంద్రాపురంలోని భెల్ కర్మాగారం. 1980ల మొదట్లో దేశంలో తొలి క్వాలిటీ సర్కిళ్లు అక్కడే మొదలయ్యాయి. షాపులో పనిచేసేవాళ్లు వారానికోసారి కూర్చుని తమ పనిలోని ఇబ్బందులను తామే పరిష్కరించుకునే పద్ధతి అది. చాలాచోట్ల అది తర్వాత బహుమతుల పోటీగా మారిపోయింది.

రంగస్థలం: నటుడి కాళ్లు, నటుడి నోరు

ఈ విషయం మీద భిలాయి ప్రాంతం ఇచ్చిన అత్యుత్తమ పాఠం బడిలోది కాదు, రంగస్థలానిది. రాయపూర్‌లో 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్ లండన్‌లోని రాడాలో నాటకవిద్య చదివి, యూరప్‌లో బ్రెహ్ట్ నాటకాలు చూసి తిరిగొచ్చాడు. 1958లో ఆరుగురు ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులను ఢిల్లీకి తీసుకెళ్లి ‘మృచ్ఛకటికం’ను హిందీలో ఆడించాడు. మరుసటి ఏడాది భార్య మోనీకా మిశ్రాతో కలిసి నయా థియేటర్ స్థాపించాడు. నటులు అసామాన్యులు. కానీ పదేళ్లకు పైగా ఏదో కుదరలేదు. సొంత ఊళ్లో రాత్రంతా జనాన్ని నవ్వించి ఏడిపించే నటుడు, తన్వీర్ నాటకంలోకి రాగానే బిగుసుకుపోయేవాడు.

కారణాలు రెండని తన్వీర్ తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాడు. ఒకటి, వాళ్ల నోట ఖడీబోలీ హిందీ పెట్టడం. రెండోది, ఇంగ్లండ్‌లో నేర్చుకున్న పద్ధతిలో ‘ఈ మాట దగ్గర ఇటు నడు, ఆ మాట దగ్గర అటు తిరుగు’ అని ముందే గీతలు గీసివ్వడం. నాచా నటుడు మూడువైపులా జనం కూర్చున్న అరుగు మీద పెరిగినవాడు. నవ్వు ఎటువైపు నుంచి వస్తే అటు తిరుగుతాడు, చప్పట్లు పడితే అదే మాట మరోలా అంటాడు. ఆ లెక్క అంతా ఒంట్లో ఉన్న మనిషికి అడుగులు లెక్కపెట్టి ఇస్తే, ఉన్న విద్య కూడా చేజారుతుంది. 1970ల తొలినాళ్లలో తన్వీర్ ఈ రెండింటినీ వదిలేశాడు. నటులు ఛత్తీస్‌గఢీలో మాట్లాడసాగారు. సన్నివేశం చెప్పి వదిలేస్తే మాటలూ కదలికలూ వాళ్లే అల్లుకునేవారు. అందులోంచి పనికొచ్చేవి ఏరి, నిలబెట్టి, కుదించడం దర్శకుడి వంతు. 1973లో రాయపూర్‌లో నాచా కళాకారులతో జరిపిన వర్క్‌షాప్ నుంచి ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’ పుట్టింది. నటులు విప్పారారు.

తర్వాతి మెట్టు భిలాయిలో పడింది. విజయ్‌దాన్ దేథా రాసిన రాజస్థానీ జానపద కథ ఒకటి తన్వీర్ దగ్గర ఉంది. ఒక దొంగ గురువు దగ్గర వేళాకోళంగా ప్రమాణాలు చేస్తాడు: బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజ్యం ఇచ్చినా తీసుకోను. దొంగతనం మానలేనంటాడు కాబట్టి అబద్ధం మానెయ్యమంటాడు గురువు. అన్ని అవకాశాలూ ఎదురొస్తాయి. మాట తప్పనందుకు చివరికి ప్రాణం పోతుంది. భిలాయిలో నెలరోజుల వర్క్‌షాప్ ముగింపులో ఈ కథ గంటలోపు నాటకంగా, ‘చోర్ చోర్’ అనే పేరుతో, మైదానంలో ఆరుబయట ఆడింది. చూడవచ్చినవాళ్లలో సత్‌నామీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. సత్యమే దైవమని గురు ఘాసీదాస్ బోధించిన పంథాకు చెందినవాళ్లకు, సత్యం కోసం చచ్చిపోయే దొంగ కథ ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. సత్‌నామీల పంథీ పాటల వరస నాటకంలోకి వచ్చింది. స్వర్ణ కుమార్ సాహూ, గంగారామ్ సాఖేత్ అనే స్థానిక కవులు పాటలు రాశారు. హాస్యనాటకంలో నాయకుడు చచ్చిపోవడం ఏమిటన్న సందేహం ఉన్నా ఆ ముగింపే నిలిచింది. పెరిగి పెద్దదై 1975లో ‘చరణ్‌దాస్ చోర్’గా ఢిల్లీకి వెళ్లింది. అదే ఏడాది సినీ దర్శకుడు శ్యామ్ బెనెగల్ దాన్ని పిల్లల సినిమాగా తీశాడు. 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి అందుకుంది. మదన్‌లాల్, లాలూ రామ్, ఫిదా బాయి, గోవింద్ రామ్ నిర్మల్కర్ వంటి నటుల పేర్లు దేశమంతా వినిపించాయి.

తన్వీర్‌ను ఈ నటుల విముక్తిదాతగా వర్ణించే వ్యాసాలు కొల్లలు. అది పూర్తి నిజం కాదు. బృందం ఆయనది, ఏ నాటకం ఆడాలో నిర్ణయం ఆయనది, పేరు ఎక్కువగా దక్కిందీ ఆయనకే. ఆయన వదులుకున్నది ‘ఎలా’ అన్నదాన్ని. అంతమాత్రానికే బృందం ఫలితం చూసింది కాబట్టి ఈ ఉదంతానికి విలువ.

తెలుగువాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పిల్లల నోట్లో నలిగే భాషను బడిలోకి తేవాలని పోరాడినప్పుడు, పండితులకు వచ్చిన కోపం వెనుక ఉన్నదీ ఇదే: తరగతి గదిలో ఏ మాట చెల్లుతుందో తేల్చే హక్కు ఎవరిది?

తీజన్ బాయి

భిలాయికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని గనియారీ గ్రామంలో 1956లో పార్ధీ కుటుంబంలో పుట్టిన తీజన్ బాయి బడికి వెళ్లలేదు. తల్లి వైపు బంధువు, వరసకు తాత అయిన బ్రిజ్‌లాల్ పార్ధీ పాడుతుంటే మహాభారత కథలు విని నేర్చుకుంది. పండవానీలో రెండు పద్ధతులున్నాయి. కూర్చుని గ్రంథాన్ని అనుసరించి చెప్పేది వేదమతి. లేచి నిలబడి, నటిస్తూ, అప్పటికప్పుడు కల్పిస్తూ పాడేది కాపాలిక. ఝాడూరామ్ దేవాంగన్ వేదమతిలో పేరు మోసినవాడు. ఆడవాళ్లు పాడితే కూర్చునే పాడాలన్నది అప్పటి కట్టుబాటు. తీజన్ లేచి నిలబడింది. పదమూడేళ్ల వయసులో చంద్రఖురీ గ్రామంలో 10 రూపాయలకు తొలి ప్రదర్శన ఇచ్చింది. కులం వెలివేసింది. విడిగా గుడిసె వేసుకుని బతికింది, పాట మానలేదు.

చేతిలో తంబూరా ఒక్కటే ఆమె సరంజామా. అది భీముడి గద అవుతుంది, అర్జునుడి విల్లు అవుతుంది, ద్రౌపది జుట్టూ అవుతుంది. బుర్రకథ చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి ఆమె గంతు, విసురు, వంతపాటగాడితో మాటల సయ్యాట వెంటనే పట్టుబడతాయి. కథ అందరికీ తెలిసిందే. ఏ ఘట్టాన్ని ఎంత సాగదీయాలో, దుశ్శాసన వధ దగ్గర ఎంతసేపు నిలబడాలో మాత్రం ఆ రాత్రి ఆ జనాన్ని చూసి ఆమె తేల్చుకుంటుంది. హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభ గుర్తించాక ఢిల్లీ వేదికలు దొరికాయి. శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’లో ఆమె పండవానీని దూరదర్శన్ ప్రేక్షకులంతా చూశారు. పద్మశ్రీ తర్వాత 1995లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ అందాయి.

భిలాయి ఉక్కు కర్మాగారం ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. ప్రభుత్వరంగ సంస్థలు క్రీడాకారులకు, కళాకారులకు ఉద్యోగాలివ్వడం ఆ రోజుల్లో మామూలే. భిలాయి యాజమాన్యం లోక కళా మహోత్సవాలూ జరిపింది. ఇలాంటి పోషణలో కళాకారుడికి ఒరిగేది స్పష్టం: నెలనెలా జీతం, ఇల్లు, వైద్యం. పాడమన్నచోటల్లా పాడనక్కర్లేదు, పంట చేతికొచ్చే కాలం కోసం ఎదురుచూడనక్కర్లేదు. వెలిపడ్డ ఆడమనిషికి ఇది చిన్న విషయం కాదు. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో తెరిచినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్ కావడం కూడా ఈ కోవలోదే, అక్కడ పోషకుడు రాజు, ఇక్కడ ఉక్కు. అయితే జీతం కళను పుట్టించలేదన్నదీ గుర్తుంచుకోవాలి. తీజన్ లేచి నిలబడింది ఉద్యోగం వచ్చాక కాదు, ఏమీ లేని రోజుల్లో.

మనస్తత్వ శాస్త్రం ఏమంటుంది

అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసీ 1971లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు సోమా అనే చెక్కముక్కల పజిల్ ఇచ్చాడు. విప్పినందుకు డబ్బు తీసుకున్నవాళ్లు, డబ్బు ఆగిపోయాక తీరిక వేళలో దాన్ని ముట్టడం తగ్గించారు. దీని నుంచి ఎదిగి, రిచర్డ్ రయాన్‌తో కలిసి 1985 నాటికి ఆయన రూపొందించిన సిద్ధాంతం మనిషికి మూడు అవసరాలు చెబుతుంది: తన నిర్ణయం, తన సామర్థ్యం, తనవాళ్లు. రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ లిప్‌స్కీ 1980లో మరో కోణం చూపించాడు. పంతుళ్లు, పోలీసులు, ఆసుపత్రి సిబ్బంది తరగతి గదిలో, వీధిలో తీసుకునే చిన్న చిన్న నిర్ణయాలే ప్రజలకు అందే అసలు ప్రభుత్వ విధానమని. భిలాయి ఉదంతాలకు ఇవి సరిపోతాయి కానీ ఒక లోటుంది. అమెరికా కాలేజీ కుర్రాడికి డబ్బు అదనపు సరదా. పది రూపాయలకు పాడిన పిల్లకు అది ఆ పూట కూడు. పొట్ట గడవని చోట స్వేచ్ఛ గురించి మాట్లాడేముందు జీతం సంగతి చూడాలి. ఉపాధ్యాయుల చరిత్ర చెప్పేదీ ఇదే.

బడి, పంతులు, జీతం

ఉపాధ్యాయుల హోదా మీద ఐఎల్‌ఓ, యునెస్కో సంయుక్త సిఫార్సు 1966 అక్టోబర్ 5న వెలువడింది. బోధన పద్ధతులూ పరికరాలూ ఎంచుకోవడంలో ఉపాధ్యాయుడిదే కీలకపాత్ర అని అందులో ఉంది. అక్టోబర్ 5 ప్రపంచ ఉపాధ్యాయ దినం అయింది అందుకే. ఆచరణ వేరు. వలసపాలనలో స్థిరపడిన పాఠ్యపుస్తక సంస్కృతిని విశ్లేషిస్తూ విద్యావేత్త కృష్ణ కుమార్ భారతీయ ఉపాధ్యాయుడిని అధికారుల ముందు దీనుడు, పిల్లల ముందు నియంత అని వర్ణించాడు.

ఛత్తీస్‌గఢ్ మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న రోజుల్లోనే ఆ రాష్ట్రంలో రెండు ప్రయోగాలు ఎదురుబొదురుగా నడిచాయి. 1972లో హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి మొదలుపెట్టిన విజ్ఞాన బోధన కార్యక్రమం మొదటిది. 1982 నుంచి దాని బాధ్యత ఏకలవ్య సంస్థ తీసుకుంది. పిల్లలు పొలాల్లో తిరిగి, చేత్తో ప్రయోగాలు చేసి నేర్చుకునేవారు, పరీక్షలో పుస్తకం తెరుచుకోవచ్చు. ప్రభుత్వ బడి పంతుళ్లు నెలనెలా కలిసి అధ్యాయాలను తిరగరాసేవారు. మారుమూల ఊళ్ల పంతుళ్లు సెలవుల్లో శిక్షణకు ఇష్టపడి వచ్చారంటే ఈ భాగస్వామ్యమే కారణం. 2002లో ప్రభుత్వం దాన్ని మూసేసింది.

రెండోది శిక్షాకర్మి వ్యవస్థ. 1990ల మధ్య నుంచి రెగ్యులర్ ఉపాధ్యాయుల నియామకం ఆపి, పంచాయతీల ద్వారా తక్కువ వేతనం మీద శిక్షాకర్మిలను తీసుకున్నారు. ఒకే బడిలో ఒకే పాఠం చెప్పే ఇద్దరి మధ్య జీతం అనేక రెట్లు తేడా. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 398 రూపాయల మీద పనిచేసిన స్పెషల్ టీచర్లను గుర్తున్నవాళ్లకు ఈ బాధ వివరించనక్కర్లేదు. ‘398 టీచర్లు’ అన్న పేరే వాళ్లకు ఏళ్లపాటు అంటుకుంది. 2000 నవంబర్ 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు ఈ వ్యవస్థ వారసత్వంగా వచ్చింది. ఎన్నో సమ్మెల తర్వాత, ఎనిమిదేళ్ల సర్వీసు నిండినవారిని 2018 జులై 1 నుంచి విద్యాశాఖలో కలిపారు. లక్షమందికి పైగా పర్మనెంటు అయ్యారు. ప్యారీ గీసిన గీతను బడి వైపు నుంచి దాటడానికి పట్టిన కాలం పాతికేళ్లకు దగ్గర.

భిలాయి టౌన్‌షిప్ బడుల కథ దీనికి తలకిందులు. కర్మాగారం నడిపిన బడుల్లో జీతాలకు కొదవ లేదు, పిల్లలు ఉద్యోగుల పిల్లలే, తల్లిదండ్రులకు చదువే ఆస్తి. 1990ల నుంచి ఐఐటీ ప్రవేశపరీక్షల్లో ఈ ఊరి పేరు మోగింది. ఆ వెనుకే కోచింగ్ సెంటర్లు వచ్చాయి. పాఠం ఎలా చెప్పాలో ప్రవేశపరీక్షే నిర్ణయించడం మొదలైంది. మంచి జీతం ఉన్న పంతులు కూడా అక్కడ స్వేచ్ఛ కోల్పోతాడు, ఈసారి అధికారి చేతిలో కాదు, ర్యాంకు చేతిలో. ఆ తర్వాత కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగులు తగ్గుతూ వచ్చారు, టౌన్‌షిప్ బడులూ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఐఐటీ భిలాయి మాత్రం 2016లో రాయపూర్‌లోని తాత్కాలిక ఆవరణలో మొదలై, దుర్గ్ జిల్లా కుటేలాభాటాలోని సొంత ప్రాంగణానికి చేరింది. 2024 ఫిబ్రవరి 20న దాన్ని జాతికి అంకితం చేశారు.

కరోనా కాలం చిన్న పరీక్ష పెట్టింది. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం ‘పఢయీ తుంహర్ దువార్’ పేరుతో ఆన్‌లైన్ పాఠాలు తెచ్చింది. ఫోన్లు, సిగ్నళ్లు లేని ఇళ్లకు అవి చేరలేదు. పంతుళ్లు వీధి అరుగుల మీద మొహల్లా తరగతులు పెట్టారు, లౌడ్‌స్పీకర్లలో పాఠాలు వినిపించారు. తర్వాత ప్రభుత్వం వాటినే తన పథకంలో కలుపుకుంది.

పుస్తకాన్ని తీసేసేది ఎవరు

ఈ ప్రాంతంలో పాఠశాల పుస్తకానికీ సృజనకారుడికీ మధ్య గొడవ రెండుసార్లు పెద్దదైంది. భిలాయికి పశ్చిమాన ఉన్న రాజ్‌నాంద్‌గావ్ దిగ్విజయ్ కాలేజీలో కవి గజానన్ మాధవ్ ముక్తిబోధ్ 1958 నుంచి హిందీ బోధించాడు. అక్కడి చెరువు పక్కనున్న పాత కోటలో కాపురముంటూ తన గొప్ప కవితలు కొన్ని రాశాడు. ఎన్నో పత్రికా ఉద్యోగాల తర్వాత దొరికిన కాస్త నిలకడ అది. డబ్బు అవసరం కొద్దీ బడిపిల్లల కోసం భారత చరిత్ర, సంస్కృతి మీద పాఠ్యపుస్తకం రాశాడు. 1962లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ దెబ్బ నుంచి ఆయన తేరుకోలేదని మిత్రులు రాశారు. 1964 సెప్టెంబర్ 11న మరణించాడు.

రెండోది ‘చరణ్‌దాస్ చోర్’. తన్వీర్ 2009 జూన్ 8న చనిపోయాడు. సుమారు రెండు నెలలకే, ఆగస్టులో బడుల్లో పుస్తక పఠన వారం జరుగుతుండగా, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ నాటకం పుస్తకాన్ని ఉపసంహరించింది. తమ సంప్రదాయాన్ని కించపరిచే అంశాలున్నాయని సత్‌నామీ సమాజ నాయకులు చేసిన ఫిర్యాదు కారణం. భిలాయి మైదానంలో ఈ కథను మొదట చూసినవారిలో సత్‌నామీలు పెద్ద సంఖ్యలో ఉండటం వల్ల రంగస్థల ప్రపంచం విస్తుపోయింది. అభ్యంతరం పుస్తకానికే గాని ప్రదర్శనకు కాదని అధికారులు వివరణ ఇచ్చారు. పుస్తకం గురించి తరగతిలో పిల్లలతో చర్చించి తేల్చుకునే అవకాశం మాత్రం పంతుళ్లకు ఎవరూ ఇవ్వలేదు.